సిమెంటులో గాజు గోళీలు

"పేషంట్ పేరేటన్నయ్యా?" అంది పద్మజ, మైక్రోస్కోపు మీదకి వంగుతూ.

"సిమెంట్."

"ఇంటిపేరు?"

"ఓపీసీ అంటున్నారు. అది నిజమో కాదో నువ్వే చెప్పాలి."

రాయపూర్ దేవేంద్ర నగర్‌లో పద్మజకు చిన్న పాథాలజీ ల్యాబ్ ఉంది. రైల్వే వ్యాగన్ రిపేరు షాపువాళ్ళ డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో మా పక్క క్వార్టర్లో పెరిగిన అమ్మాయి. వాళ్ళ నాన్న, మా నాన్న ఒకే షెడ్డులో వ్యాగన్లు బాగుచేసినవాళ్ళు. ఆదివారం ల్యాబ్ మూసి ఉన్న సమయంలో నేను ఒక డబ్బాలో సిమెంటు పట్టుకుని వెళ్తే, పిచ్చి పట్టిందా అని అడగకుండా తాళం తీసింది. గాజు పలక మీద చిటికెడు పొడి వేసి, నీళ్ళ సీసా అందుకోబోయింది. నీళ్ళు వద్దని, తడి తగిలితే అది వేరే పదార్థం అయిపోతుందని చెప్పాను. రక్తం స్లైడ్లకు వాడే నూనె ఒక చుక్క వేసింది.

"అన్నీ రాళ్ళ ముక్కల్లా ఉన్నాయి. కోసుగా, గరుకుగా..." అంటూ పలకను పక్కకు జరిపి ఆగిపోయింది. "అన్నయ్యా, మధ్యలో ఇవేటి? గుండ్రంగా! గాజు గోళీల్లా మెరుస్తన్నాయి. ఒకటీ రెండూ కాదు, ఎక్కడ చూసినా ఉన్నాయి!"

నేను కుర్చీలోంచి ఒక్క ఉదుటున లేచాను. నాకంటే ముందు, నాతో వచ్చిన భవాని లేచింది. మా కాంక్రీటు బ్యాచింగ్ ప్లాంటులో షిఫ్టు ఇంజినీరు ఆమె. మర్నాడు పొద్దున ఆమె ఉద్యోగం ఉంటుందా పోతుందా అన్నది తేలబోతోంది. ఆమె చాలాసేపు మైక్రోస్కోపులోంచి కన్ను తియ్యలేదు. తర్వాత నెమ్మదిగా అంది: "నేను బూడిద వెయ్యకముందే ఉందన్నమాట సార్."

నా ఉద్యోగ జీవితంలో అంత సంతోషం కలిగిన క్షణాలు చాలా తక్కువ. ఎందుకో చెప్పాలంటే ముందు బూడిద సంగతి చెప్పాలి.

బూడిద అంటే ఏమిటి

రాయపూర్ చుట్టుపక్కల రెడీమిక్స్ కాంక్రీటు ప్లాంట్లలో నాణ్యత చూసే ఉద్యోగం చేసి రిటైరయ్యాను. అంతకుముందు, డిప్లొమా చేతికొచ్చి ఉద్యోగం దొరకని రోజుల్లో, ఇక్కడి ఒక హిందీ దినపత్రికలో శివారు వార్తలు రాశాను. అక్కడి న్యూస్ ఎడిటర్ నా కాపీ తిరగ్గొడుతూ ఎప్పుడూ ఒకటే అనేవాడు: నువ్వు చూసింది ఒక వాక్యంలో రాయి, నువ్వు అనుకున్నది ఇంకో వాక్యంలో రాయి, రెండూ కలపకు. కాంక్రీటు ల్యాబులో నాకు ఇంతకంటే పనికొచ్చిన పాఠం లేదు.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. ప్రమోషన్ల గొడవ ఇందులో ఉండదు.

థర్మల్ విద్యుత్ కేంద్రంలో బొగ్గును పొడి చేసి మండిస్తారు. బొగ్గులో ఉన్న మట్టి అంశం ఆ వేడికి కరిగి, పొగతో పాటు పైకి ఎగిరి, గాలిలోనే చల్లబడి చిన్న చిన్న గాజు పూసలుగా మారుతుంది. పొగగొట్టం దాకా పోనివ్వకుండా పట్టి ఉంచిన ఆ పొడే ఫ్లై యాష్. మన వాడుకలో బూడిద. ఛత్తీస్‌గఢ్‌లో దానికి కరువు లేదు. చెరువులంత గుంటలు తవ్వి, అందులో నింపుతూ వచ్చారు.

సిమెంటు నీళ్ళతో కలిసి గట్టిపడేటప్పుడు కొంత సున్నం మిగులుతుంది. బలానికి ఆ సున్నం పెద్దగా పనికిరాదు. బూడిద చేసే అద్భుతం ఇక్కడే ఉంది. అది ఆ మిగులు సున్నాన్ని పట్టుకుని, దానితో కలిసి మళ్ళీ జిగురు తయారుచేస్తుంది. సిమెంటు తన పని చాలావరకు ముగించాక బూడిద తన పని మొదలుపెడుతుంది. పైగా ఆ గుండ్రటి పూసల వల్ల కాంక్రీటు తక్కువ నీళ్ళతోనే సులువుగా జారుతుంది. పెద్ద పునాదుల్లో పుట్టే వేడి తగ్గుతుంది. నాకు ఇప్పటికీ ఈ సంగతి ఎవరికైనా చెబుతుంటే గొంతు పెరుగుతుంది. మా ఇంట్లోవాళ్ళు నవ్వుతారు.

అయితే బూడిద నెమ్మదస్తురాలు. చలికాలంలో మరీ నెమ్మది. తొందరపెట్టేవాళ్ళ దగ్గర పరువు తీస్తుంది. అన్ని బూడిదలూ ఒకటి కాదు కూడా. బొగ్గు సరిగా కాలక నల్లగా ఉన్నది నీళ్ళన్నీ తాగేస్తుంది. గుంటలోంచి తడిగా తవ్వి తెచ్చినది ఇటుకలకు వాడుకోండి, కాంక్రీటు మిక్సరు దగ్గరికి రానివ్వకండి. ఈ విషయంలో మీ మేనేజరు ఏం చెప్పినా వినొద్దు.

శాస్త్రిగారి ఇల్లు

రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజుల్లో బూడిద అనే మాట వింటేనే జనం మొహం తిప్పుకునేవారు. మా కాలనీ నుంచి రిటైరై సొంత ఇల్లు కట్టుకుంటున్న శాస్త్రిగారు ఒకసారి నన్ను ఆపి, "ఒరే, నువ్వు కాంక్రీట్లో రాఖ్ కలిపిస్తన్నావంట. ఇల్లంటే ఏటనుకున్నావ్, కాష్ఠమా?" అని నలుగురిలో కేకలేశారు.

మర్నాడు ఆయన ఇంటి పని చూడటానికి వెళ్ళాను. గోడ పక్కన సిమెంటు బస్తాలు పేర్చి ఉన్నాయి. ఒక బస్తా మీద పీపీసీ అన్న అక్షరాలు చూపించి, "బాబాయ్, ఇది ఫ్యాక్టరీలోనే బూడిద కలిపిన సిమెంటు. మీ పునాదీ, స్తంభాలూ, స్లాబూ అన్నీ దీంతోనే అయ్యాయి" అన్నాను.

ఆయన గొంతు తగ్గించి, "మీ పిన్నికి చెప్పకు" అన్నారు.

నవ్వుకోవడానికి ఈ కథ చెప్పడం లేదు. ఇందులో ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. సిమెంటులో మామూలు రకం ఓపీసీ. ఫ్యాక్టరీలోనే బూడిద కలిపి అమ్మేది పీపీసీ. పీపీసీలో దాదాపు మూడో వంతు దాకా బూడిద ఉండొచ్చు. రెండూ బూడిద రంగే. చేతిలో పోసుకుంటే మెత్తదనం ఒకటే. రాయపూర్ బజార్లో ఎవరైనా 'సిమెంట్ భేజో' అని కబురు పెడితే, వచ్చేది పీపీసీయే. ఇక్కడ మేస్త్రీకి, దుకాణదారుకి, లారీ డ్రైవరుకి సిమెంటు అంటే అదే.

రెడీమిక్స్ ప్లాంటు లెక్క వేరు. మేం ఓపీసీ తెప్పించి ఒక సైలోలో, అంటే ఎత్తైన ఇనుప గాదెలో, బూడిద తెప్పించి ఇంకో సైలోలో నింపి, మా కొలత ప్రకారం మేమే కలుపుతాం. సిమెంటు సైలోలోకి పీపీసీ వచ్చి పడితే ఏమవుతుందో మీరు ఊహించగలరు. బూడిద కలిసిన దానికి మళ్ళీ బూడిద కలుస్తుంది.

రాఫ్టు

నయా రాయపూర్ అప్పటికి సగం పొలాలు, సగం వెడల్పాటి ఖాళీ రోడ్లు. అక్కడ ఒక ప్రభుత్వ కార్యాలయానికి రాఫ్టు పునాది పోస్తున్నాం. భవనం మొత్తానికీ కింద పరిచే మందపాటి కాంక్రీటు పలకను రాఫ్టు అంటారు. దాన్ని కట్టిస్తున్న శాఖవాళ్ళు బూడిద కలిపిన కాంక్రీటుకు ఒప్పుకోవడం అదే మొదలు. ఒప్పించడానికి మేం తిరగని గది లేదు. అది పాడైతే ఆ శాఖలో ఇంకెవరూ బూడిద ఊసెత్తలేరు.

పోత రోజున ప్లాంటులో భవాని డ్యూటీ. మధ్యాహ్నం నాకు ఫోన్ చేసింది.

"సార్, మిక్సర్ మోటర్ ఆంపియర్ పడిపోతాంది. కొలతలన్నీ కరెక్ట్‌గానే ఉన్నాయి. మాల్ మాత్రం పల్చగా తిరగతాంది."

మిక్సరులో కాంక్రీటు గట్టిగా ఉంటే మోటారు కష్టపడుతుంది, కరెంటు ఎక్కువ లాగుతుంది. పల్చబడితే సుఖంగా తిరుగుతుంది. మంచి ఆపరేటర్లు ఆ ముల్లును చూసే లోపల ఏం జరుగుతోందో చెబుతారు.

"ఇసకలో తడి ఎక్కువుందేమో చూడమ్మా."

"చూశాను సార్. పొడిగానే ఉంది. నీళ్ళు తగ్గించనా?"

"స్లంప్ సరిపోయేదాకా తగ్గించు" అన్నాను. స్లంప్ అంటే కాంక్రీటు ఎంత జారుతోందో చెప్పే కొలత. ఆమె నీళ్ళు బాగా తగ్గించింది. అయినా కాంక్రీటు వెన్నలా జారిందని, పంపు ఒక్కసారి కూడా అడ్డుకోలేదని సైటులో అందరూ మెచ్చుకున్నారు.

మర్నాడు క్యూబులు విప్పాం. క్యూబంటే, పోసిన కాంక్రీటులోంచి కొంత తీసి అచ్చులో నింపిన దిమ్మ. దాన్ని యంత్రంలో నొక్కి బలం చూస్తాం. అచ్చు విప్పుతుంటే అంచులు చేతికి ఊడొచ్చాయి. వారం తర్వాత నొక్కితే ఉండాల్సిన దానిలో సగం బలం కూడా లేదు.

ప్లాంటు మేనేజరు తివారీ సాబ్ చెడ్డవాడు కాదు. అయితే భయపడినప్పుడు ఎవరో ఒకరి మెడ ఆయనకు కావాలి. భవానిని పిలిచి హిందీలో కడిగేశాడు.

"బూడిద ఎక్కువ తోసేశావ్. తూకం మెషీన్‌తో ఆడుకున్నావ్. పైగా నీళ్ళు నీ ఇష్టమొచ్చినట్టు మార్చావ్. రాఫ్టు పగలగొట్టాల్సొస్తే మీ నాన్న వచ్చి పగలగొడతాడా?"

"మా నాన్న రైల్వేలో ఫిట్టర్ సాబ్. పగలగొట్టడం రాదు, అతికించడం వచ్చు" అంది ఆ పిల్ల. నాకు నవ్వొచ్చింది గానీ అది నవ్వే సమయం కాదు. నీళ్ళు తగ్గించమన్నది నేనేనని చెప్పాను. "మీ తెలుగువాళ్ళంతా ఒకటే" అన్నాడు తివారీ సాబ్. సోమవారం శాఖ ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు సైటుకు వస్తున్నాడు. ఆయన ముందు భవానిని తీసేసినట్టు చెప్పి, రాఫ్టు పగలగొట్టి మళ్ళీ పోస్తామని ఒప్పుకోవడం తివారీ సాబ్ ఆలోచన.

నేను పాత న్యూస్ ఎడిటర్ చెప్పినట్టు చేశాను. చూసినవి ఒక పక్క పెట్టాను: తూకం సరిగ్గా ఉంది, మిక్సరు తేలిగ్గా తిరిగింది, తక్కువ నీళ్ళతోనే కాంక్రీటు జారింది, బలం రావడం ఆలస్యమైంది. చివరి మూడూ బూడిద ఎక్కువైందనే చెబుతున్నాయి. బూడిద తూకం మాత్రం పెరగలేదు. అయితే ఆ మిగతా బూడిద ఎక్కణ్ణుంచి వచ్చింది? అప్పుడు శాస్త్రిగారి బస్తా గుర్తొచ్చింది.

బట్టీలో కాలి వచ్చిన క్లింకరు రాళ్ళను మరలో నలిపితే వచ్చే సిమెంటు రేణువు ఎప్పుడూ కోసుగానే ఉంటుంది, గుండ్రంగా ఉండదు. గుండ్రటి గాజు పూస కనిపిస్తే అది బూడిదే. రసాయన పరీక్షకు పంపితే జవాబు వచ్చేసరికి సోమవారం ఎప్పుడో దాటిపోతుంది. శనివారం సాయంత్రం సిమెంటు సైలో అడుగు నుంచి డబ్బాడు పొడి తీశాం. పద్మజకు ఫోన్ చేశాను.

సోమవారం

మైక్రోస్కోపు ఇమ్మంటే పద్మజ ఒక షరతు పెట్టింది. "ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళాలి. డిక్కీలో పెడితే ఊరుకోను." భవాని చీర కొంగు కప్పి పసిబిడ్డను పట్టుకున్నట్టు నయా రాయపూర్ దాకా పట్టుకొచ్చింది.

ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు పొడుగ్గా, కోపంగా ఉన్నాడు. తివారీ సాబ్ క్షమాపణలు మొదలుపెట్టక ముందే నేను సైటు ఆఫీసు బల్ల మీద మైక్రోస్కోపు పెట్టాను.

"యే క్యా హై? డాక్టరీ కరోగే యహాఁ?" అన్నాడాయన, ఇక్కడ వైద్యం చేస్తారా అని.

"ఒక్కసారి చూడండి సాబ్."

విసుగ్గా వంగినవాడు అలాగే ఉండిపోయాడు. "అరే!" అన్నాడు. తర్వాత తన అసిస్టెంటును పిలిచాడు. ఆ తర్వాత డ్రైవర్ని కూడా పిలిచి చూపించాడు. "జిందగీ భర్ సిమెంట్ మే కామ్ కియా, ఆజ్ పహలీ బార్ దేఖా" అంటూ మళ్ళీ తనే వంగాడు. ఇన్నేళ్ళు సిమెంటుతో పనిచేసి దాని మొహం ఇవాళే చూశానంటున్నాడు. ఆ గదిలో కోపం ఎప్పుడు పోయిందో మాకెవరికీ తెలియలేదు.

అప్పుడు తివారీ సాబ్ అక్కడే నిలబడి స్టోరుకు ఫోన్ చేశాడు. ఓపీసీ ట్యాంకరు రావడం ఆలస్యమైతే, స్టోరువాళ్ళు ఇంకో డీలరుకు ఫోన్ చేసి 'సిమెంట్ కా ట్యాంకర్ భేజో' అన్నారట. ఆ డీలరు సిమెంటే పంపాడు, అంటే పీపీసీ. వీళ్ళు సిమెంటు సైలోలోనే నింపారు. ఎవరూ ఎవర్నీ మోసం చెయ్యలేదు. ఊరంతా ఒకే అర్థంలో వాడే మాటను అదే అర్థంలో వాడారు, అంతే.

"సరే, ఇప్పుడీ రాఫ్టు సంగతి?" అన్నాడు ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు. "ఇందులో సగం బూడిదేనా?"

"మేం వేసింది, సిమెంటులో ఉన్నది కలిపితే దాదాపు అంతే సాబ్."

"అయితే పగలగొట్టేయండి."

ఈసారి భవాని మాట్లాడింది. "సాబ్, సగం బూడిదతో మామూలు నీళ్ళు పోసి ఉంటే నేనే పగలగొట్టమనేదాన్ని. నీళ్ళు బాగా తగ్గించి పోశాం. అందులో జిగురు ఉంది, టైమ్ కావాలి. తడి ఆరకుండా చూస్తే బలం వస్తుంది. స్తంభాల బరువు దాని మీద పడటానికి ఎలాగూ నెలలు పడుతుంది కదా."

ఆయన నా వైపు చూశాడు. ఆమె చెప్పింది సరైనదేనన్నాను. ఇరవై ఎనిమిదో రోజు బలం చూసి తీర్పు చెప్పడం సిమెంటు కోసం పెట్టుకున్న అలవాటనీ, బూడిదకు యాభై ఆరు దాకా గడువివ్వాలనీ చెప్పాను. అప్పటికీ రాకపోతే పగలగొట్టే ఖర్చు కంపెనీదేనని తివారీ సాబ్ చేత సంతకం పెట్టించుకుని, ఆయన వెళ్ళిపోయాడు.

నీళ్ళు కట్టిన పునాది

ఆ చలికాలం మా కాపలా అంతా నీళ్ళ మీదే. రాఫ్టు మీద మట్టి గట్లు వేసి, గళ్ళు గళ్ళుగా నీళ్ళు నిలబెట్టాం. గట్లు వేసింది ఇక్కడి రేజాలు, అంటే కూలిపని చేసే ఆడవాళ్ళు. వాళ్ళ ముఠాకు పెద్ద ఫూల్‌బాయి. ఆమె నడుం మీద చేతులు పెట్టుకుని ఆ పొలంలాంటి పునాదిని చూసి, "సాహెబ్, ఇహాఁ ధాన్ బో దేబో కా?" అని అరిచింది. ఇక్కడే వరి చల్లేద్దామా అని. ముఠా అంతా పగలబడి నవ్వింది.

"పండితే సగం నీకే" అన్నాడు తివారీ సాబ్. ఆయన జోకు వెయ్యడం నేను అదే మొదటిసారి విన్నాను.

ఇరవై ఎనిమిదో రోజున క్యూబు తప్పింది. తప్పుతుందని నేను ముందే చెప్పినా, తివారీ సాబ్ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. భవాని మాత్రం పగిలిన ముక్కను చేత్తో తిప్పి చూసి, "లోపల రంగు మారతాంది సార్. చిక్కబడతాంది" అంది. నాకూ అలాగే కనిపించింది. అయితే అది మేం అనుకున్నది కూడా కావచ్చని రెండో వాక్యం రాసుకున్నాను.

యాభై ఆరో రోజున ల్యాబులో నిలబడటానికి చోటు లేదు. క్యూబు యంత్రంలో పెట్టారు. ముల్లు లేచింది. మొదటిసారి పగిలిన చోటు దాటింది. ఇరవై ఎనిమిదో రోజు ఆగిన చోటూ దాటింది. మాకు కావలసిన గీత దగ్గరికి వచ్చింది. గీత దాటింది. ఇంకా లేస్తూనే ఉంది. అప్పుడు ఢామ్మని పేలింది. ముక్కొకటి వచ్చి తివారీ సాబ్ బూటుకు తగిలింది. ఆయన దాన్ని ఎత్తి ముద్దుపెట్టుకున్నాడు. ఇది నేను చూసిన వాక్యం, అనుకున్నది కాదు.

తర్వాత రాఫ్టులోంచే గొట్టాల్లా కోసి తీసిన కోర్లు కూడా నెగ్గాయి. శాఖ రాఫ్టును ఒప్పుకుంది. భవాని ఉద్యోగం నిలిచింది. ఆమెకు ఎవరూ క్షమాపణ చెప్పలేదు. కంపెనీ మాత్రం ఒక మైక్రోస్కోపు కొని ఆమెకప్పగించింది. ఆ తర్వాత ఆమె ఒక చిటికెడు నూనెలో వేసి చూడందే ఏ ట్యాంకరూ సైలోకి గొట్టం తగిలించలేదు. ట్యాంకరు డ్రైవర్లు ఆమెను డాక్టర్ మేడమ్ అనడం మొదలుపెట్టారు. "మేడమ్, హమారా రిపోర్ట్ నార్మల్ హై?" అని గేటు దగ్గరే అడిగేవారు.

మీకు చెప్పదలచింది

నన్నడిగితే, బూడిద గురించి మన పరిశ్రమలో రెండు మూఢనమ్మకాలున్నాయి. బూడిద కల్తీ అనేది ఒకటి. ఎంత వేసినా ఏమీ కాదనేది రెండోది. మొదటిది ముసలివాళ్ళది, రెండోది లాభం చూసుకునేవాళ్ళది. ఈ రాఫ్టు కథ విని రెండో రకంవాళ్ళు చంకలు కొట్టుకుంటే నాకు బాధ. సగం బూడిద నెగ్గింది కదా, ఇక మేమూ వేస్తామని ఒక కాంట్రాక్టరు నాకు ఫోన్ చేశాడు. నీళ్ళు ఎంత తగ్గిస్తావని అడిగాను. ఫోన్ పెట్టేశాడు.

బలం వేరు, ఆయుష్షు వేరు. లోపలి ఇనుము తుప్పు పట్టకుండా కాపాడేది కాంక్రీటులోని ఆ మిగులు సున్నమే. బూడిద బలం ఇచ్చింది దాన్ని తినే. బాగా చిక్కబడిన కాంక్రీటులోకి గాలీ తేమా చొరబడవు కాబట్టి ఇనుముకు భయం లేదని చాలామంది చెబుతారు. నేనూ అలాగే అనుకుంటున్నాను. మేం విరగ్గొట్టిన క్యూబులూ కోర్లూ ఈ ప్రశ్నకు జవాబు చెప్పేవి కావు. వాటిని మేం బలం కోసమే అడిగాం.

ఆ భవనంలో ఇప్పుడు రోజూ జనం పనిచేస్తున్నారు. రాఫ్టు ఒక మూల చిన్న గొయ్యి తీసి, కడ్డీ కనబడేదాకా చెక్కి చూడనివ్వమని భవాని రెండుసార్లు శాఖను అడిగింది. ఆ మూల మీద ఇప్పుడు టైల్స్ పరిచిన వాహనాల పార్కింగ్ ఉంది. శాఖ నుంచి జవాబు రాలేదు. ఆ కాంక్రీటులోని ఇనుము ఎలా ఉందో ఇంతవరకు ఎవరూ చూడలేదు.